ఎడమ దిక్కు నాళం

ఆపరేషన్ గది తలుపు కింది సందులోంచి, నేల తుడిచిన నీళ్లు సన్నని పాయగా వరండాలోకి పాకి వచ్చాయి. బాలరాజు వంగి ఆ నీళ్ల రంగు చూశాడు. ఉప్పల్, నాచారం కాలనీల్లో వాల్వులు తిప్పి మంచినీళ్లు వదిలే పని అతనిది. నీళ్లు కంటబడితే ముందు రంగు వెతకడం అలవాటైపోయింది. పైపులోంచి మొదట దిగే నీటిలో తుప్పు ఉన్నదా, మురుగు కలిసిందా అని చూసుకుని గాని పక్క వీధికి కదలడు. తలుపు కింద నుంచి వచ్చిన నీళ్లు లేత గులాబీ రంగులో ఉన్నాయి. ఆయా వాటిని చీపురుతో వెనక్కి తోసి, అతని ముఖం వంక చూడకుండా తలుపు మూసేసింది.

భార్య సంతోషిని పొద్దున్నే లోపలికి తీసుకువెళ్లారు. బిడ్డ అడ్డం తిరిగిందని కోసి తీశారు. ఆడపిల్ల. బిడ్డ బాగానే ఉన్నది. బెంచీ చివర కూర్చున్న అత్త ఉప్పలమ్మ ఒళ్లో, మెత్తబడిన పాత చీర ముక్కలో, కళ్లు మూసుకుని నోరు చప్పరిస్తున్నది. తల్లికే రక్తం ఆగలేదు. గర్భసంచి ముడుచుకోవడం లేదని ఒకసారి, లోపలి రక్తనాళాలు కడుతున్నామని ఇంకొకసారి నర్సు బయటికి వచ్చి చెప్పింది. ఆ తర్వాత వచ్చినప్పుడు గర్భసంచి తీసేయక తప్పదన్నది, సంతకం అడిగింది. సంతకం పెట్టి, కలం ఇంకా చేతిలో ఉండగానే బాలరాజు బామ్మర్ది దుర్గేష్‌కు ఫోన్ చేశాడు.

"మీ అక్కను సంపేటట్టున్నరురా. ఈ డాక్టరమ్మకు చాతగాలె. ఏందో తప్పు జేసింది. మందిని తీస్కొని రా."

ఆ మాట గట్టిగానే అన్నాడు. కౌంటర్ వెనక కూర్చున్న మేనేజర్ భూషణం తలెత్తి చూసి, మళ్లీ దించుకున్నాడు.

డాక్టర్ సత్యవేణి బయటికి వచ్చేసరికి మధ్యాహ్నమైంది. నలభై దాటిన మనిషి. టోపీ బిగువు నుదుటి మీద ఎర్రటి గీతగా మిగిలి ఉన్నది. ఆ నర్సింగ్ హోమ్‌లో డాక్టర్లు నిలబడి రెండు మాటలు చెప్పి వెళ్లిపోతారు. ఆమె వచ్చి బెంచీ మీద అతని పక్కన కూర్చున్నది. కూర్చున్నదంటే మంచి కబురు కాదని బాలరాజుకు తెలిసింది.

"గర్భసంచి తీసేశాను. అక్కడితో ఆగాలి. ఆగలేదు. కడుపులోంచి వేసిన గొట్టంలో రక్తం వస్తూనే ఉంది" అన్నది.

ఆమె తన ముంజేతిని నిలువుగా పట్టి, రెండు వేళ్లు విడదీసి చూపించింది. గుండె నుంచి దిగే పెద్ద నాళం నడుము దగ్గర రెండుగా చీలుతుందని, ఆ రెంటిలో ఒక్కొక్కటీ మళ్లీ రెండవుతుందని, వాటిలో ఒకటి కాలికి పోతే రెండోది పొత్తికడుపు అడుగుకు పోతుందని చెప్పింది. ఆ అడుగుకు పోయే నాళాన్ని కుడివైపూ ఎడమవైపూ కూడా దారంతో కట్టేసిందట. అక్కడ పారే రక్తమంతా మామూలుగా దానిలోంచే వస్తుందట.

బాలరాజుకు అంతవరకు అర్థమైంది. అర్థమైనందుకే కోపం వచ్చింది.

"మెయిన్ బంద్ జేసిన అంటున్నరు. మెయిన్ బందయినంక లైన్ల నీళ్లెట్లొస్తయి మేడం? నేను రోజు జేసే పనే గిది. వస్తున్నయంటే మీరు కట్టనే లేదన్నట్టు."

"కట్టానండీ. నా చేతులతో కట్టాను. రెండువైపులా."

"మరెట్లొస్తుంది?"

ఆమె విడదీసిన వేళ్ల వంక, అవి తనవి కానట్టుగా చూసుకున్నది. "కొందరికి లోపల అమరిక పుస్తకంలో గీసినట్టు ఉండదు. కాలికి పోయే నాళం నుంచి ఒక కొమ్మ, ముందువైపు ఎముక మీదుగా లోపలికి దిగుతుంది. ఈమెకు అలాంటిది ఉందేమో. అది అరుదైన సంగతి కూడా కాదు, చాలామందిలో కనిపిస్తుంది. నేను దాని కోసం వెతకలేదు. కట్టగానే రక్తం కొంచెం తగ్గింది, చాలనుకున్నాను. వెతకాల్సింది."

చివరి మాట ఆమె గొంతు తగ్గించకుండానే అన్నది. ఉప్పలమ్మ కూడా విన్నది. ఇంకోసారి కడుపు తెరవాలని, తనకంటే చెయ్యి తిరిగిన సర్జన్ త్రిమూర్తులుగారు హబ్సిగూడలో ఉంటారని, ఆయనకు కబురు చేశానని, ఆయన వచ్చేలోగా రక్తం సిద్ధం చేసుకోవాలని చెప్పి సత్యవేణి లేచింది. మళ్లీ కోస్తే బతుకుతుందా అని బాలరాజు అడిగాడు. తెలియదని చెప్పింది. కోయకపోతే మాత్రం సాయంత్రం దాటడం కష్టమన్నది.

ఆమె లోపలికి వెళ్లాక ఉప్పలమ్మ అల్లుడి చొక్కా పట్టుకుని గుంజింది. "ఇన్నవా అయ్యా? వెతకలేదంట. ఆమె నోటితోనే ఒప్పుకున్నది. పొద్దుగాల సంతోషి చేతికి మల్లన్న తాడు గట్టిన. నర్సు కత్తెర వెట్టి కోసింది. గప్పుడే నా పానం దడ్‌మన్నది." ఆమె ఏడవలేదు. ఏడిస్తే ఒళ్లోని బిడ్డ లేస్తుందని పెదవి బిగబట్టింది.

*

ఆ రోజు బంద్. తెలంగాణ కోసం ఎవరో ఒకరు ఏదో ఒక బంద్‌కు పిలుపునివ్వని వారం ఆ ఏడాది తక్కువ. ఉప్పల్ రింగురోడ్డు అడ్డాలో ఆటోలన్నీ ముఖాలు తిప్పుకుని వరసగా నిలబడి ఉన్నాయి. దుర్గేష్‌కు మందిని కూడగట్టడం ఏమంత కష్టం కాలేదు. పొద్దుటి నుంచి నినాదాలిచ్చి గొంతులు బొంగురుపోయిన పాతికమంది దాకా మగవాళ్లు నర్సింగ్ హోమ్ మెట్లెక్కారు. చెప్పులు విప్పమని వాచ్‌మన్ అన్నాడు. ఒకడు నవ్వి, చెప్పులతోనే అద్దాల తలుపును తోసుకుని లోపలికి నడిచాడు.

దుర్గేష్ సంతోషికి తమ్ముడు. ఇరవై ఐదేళ్లకే ఆటో యూనియన్‌లో నలుగురూ మాట వినే మనిషి. బావ భుజం మీద చెయ్యి వేసి, "నువ్వు ఫికర్ జెయ్యకు బావా, నేనొచ్చిన" అన్నాడు. తర్వాత సత్యవేణిని బయటికి పిలవమని కౌంటర్ మీద అరచేత్తో కొట్టాడు. ఆమె వచ్చింది. ఊరేదని అడిగాడు. పాలకొల్లు దగ్గరని చెప్పింది.

"ఆడికెంచి వచ్చి మా ఆడోళ్ల మీద డాక్టరీ నేర్చుకుంటున్నవా?"

వెనకాల ఎవరో ఈల వేశారు. సత్యవేణి ముఖంలో రంగు మారింది గాని మాట మారలేదు.

"నేర్చుకుంటూనే ఉన్నానయ్యా. ఈ రోజు కూడా. నీకు కోపం తీరాక నన్నేమైనా చెయ్యి, ముందు మీ అక్కకు రక్తం కావాలి."

అప్పుడే భూషణం కౌంటర్ దాటి వచ్చాడు. చేతులు రెండూ జోడించి, ముందు దుర్గేష్‌కు, తర్వాత బాలరాజుకు దండం పెట్టాడు. తెల్లచొక్కా, నుదుట సన్నగా కుంకుమ, మాటలో నెమ్మది. తాను కూడా ఈ మట్టి మనిషినేనని, రామంతాపూర్‌లోనే పుట్టానని, వాళ్ల బాధ తన బాధేనని చెప్పాడు. ఇక్కడ చేయగలిగిందంతా చేశారని, ఇక మించిందని, సికింద్రాబాద్ పెద్ద దవాఖానాలో అన్నీ ఉంటాయని, అంబులెన్స్ అప్పుడే వచ్చి మెట్ల దగ్గర నిలబడి ఉన్నదని చెప్పాడు. "దేవుని దయుంటే అక్కడ బతుకుతది తమ్మీ. జల్ది తీస్కపోతే మంచిది."

ఆ అంబులెన్స్‌ను ఎవరు పిలిచారో, ఎప్పుడు పిలిచారో ఎవరూ అడగలేదు. చిన్న నర్సింగ్ హోముల్లో ఇదొక పద్ధతి. రోగి ఊపిరి పట్టు తప్పుతున్నదని తెలియగానే పెద్ద డాక్టరు కంటే ముందు బండి వస్తుంది. రోగి దారిలో పోతే దారి లెక్కలో, పెద్దాసుపత్రికి చేరాక పోతే పెద్దాసుపత్రి లెక్కలో పడుతుంది. చావు తమ గడప లోపల జరగకపోతే చాలు. చూసేవాళ్లకు మాత్రం అది ఆదరణలాగే కనబడుతుంది, ఎందుకంటే అప్పుడు అందరూ పరుగెత్తుతారు, అందరూ దారి ఇస్తారు. దుర్గేష్ మనుషులు కూడా దారి ఇచ్చారు. ఏదో ఒకటి జరుగుతున్నదన్న నమ్మకం వాళ్లకు చాలినట్టుంది.

"ఆమెను కదపకండి" అన్నది సత్యవేణి.

"మేడం, ఇక మీరు మాట్లాడకున్రి" అన్నాడు భూషణం అదే నెమ్మదితో. "వాళ్ల మనిషి. వాళ్లిష్టం."

*

స్ట్రెచర్ చక్రాల్లో ఒకటి తిరగనని మొరాయిస్తున్నది. వార్డు బాయ్ తల వైపు పట్టుకుంటే బాలరాజు కాళ్ల వైపు పట్టుకుని, ఆ చక్రం నేలకు తగలకుండా కొంచెం పైకెత్తి నడిచాడు. సంతోషి ముఖం కొవ్వొత్తి రంగుకు తిరిగింది. పెదవుల మీద తెల్లటి పొర. కళ్లు సగం తెరిచి ఉన్నాయి గాని వాటిలో చూపు లేదు. దుప్పటి పక్కనుంచి దిగిన గొట్టం చివర ఒక ప్లాస్టిక్ సీసా వేలాడుతున్నది. దాన్ని సత్యవేణి చేత్తో పట్టుకుని స్ట్రెచర్ వెంట నడుస్తున్నది. రెండో చేతిలో సెలైన్ సీసా. ఆమెను పొమ్మని ఎవరూ అనలేదు. అనడానికి భూషణం ముందు వెళ్లిపోయాడు.

ర్యాంపు దగ్గర ఆగారు. తార్నాక దగ్గర విద్యార్థులు రోడ్డు మీద టైర్లు కాల్చారని, లాలాపేట వైపు తిరిగి పోవాలని, అటు కూడా ఎక్కడ ఆపుతారో చెప్పలేనని డ్రైవర్ అంటున్నాడు. రోగిని చూస్తే వదిలేస్తారని దుర్గేష్ అన్నాడు. తానే ముందు బైక్ మీద పోయి దారి తీయిస్తానన్నాడు. ఎంతసేపు పడుతుందని బాలరాజు అడిగాడు. డ్రైవర్ భుజాలెగరేశాడు.

బాలరాజు సీసా వంక చూశాడు. వార్డులోంచి ర్యాంపు దాకా వచ్చేలోగా సీసాలో ఎరుపు మట్టం పైకి జరిగింది. జరగడం అతను కళ్లారా చూశాడు.

"కట్టింది సరిగ్గానే ఉంది" అన్నది సత్యవేణి. ఎవరితో అంటున్నదో తెలియలేదు. అతని వైపు చూడలేదు కూడా. "నేను చూసుకున్నాను. ముడి జారలేదు. నిజంగా కట్టానండీ."

ఆ గొంతు బాలరాజుకు తెలుసు. అది అతని గొంతే.

కిందటి ఎండాకాలం చిలుకానగర్‌లో పైపు పగిలితే, గొయ్యి తవ్వి, వెల్డింగ్‌కు మనుషులు దిగారు. వాల్వు కట్టే పని అతనిది. వాల్వు తిప్పే ఇనుప చావి దించి, ఇక తిరగదు అనేదాకా బిగించి, మూత మీదే కూర్చున్నాడు. అయినా గొయ్యిలోకి నీళ్లు ఊరుతూనే వచ్చాయి. నడుము దాకా నీళ్లలో నిలబడ్డవాళ్లు అతని తల్లిని తిట్టారు. తాగి వచ్చావా అని ఇంజనీరు నలుగురిలో అడిగాడు. కట్టిన సార్, నా చేతుల్తోని కట్టిన అని అతను అంటూనే ఉన్నాడు. మట్టి పట్టిన చేతులు చాపి చూపించాడు కూడా, చేతుల్లో సాక్ష్యం ఏదో ఉన్నట్టు. పక్క వీధి లైను నుంచి ఎవరో ఎన్నడో వేసిన పాత పైపొకటి రాళ్ల కిందుగా వచ్చి కలిసిందని మర్నాడు బయటపడింది. అది ఏ పటంలోనూ లేదు. బయటపడ్డాక అతన్ని తిట్టినవాళ్లెవరూ ఆ మాట ఎత్తలేదు.

పొద్దుటి నుంచీ ఈ సంగతి తనకు గుర్తు రాక కాదు. రానివ్వలేదు. గుర్తు తెచ్చుకుంటే కోపానికి నిలబడే చోటుండదు. కోపం పోతే మిగిలేది సంతోషి ముఖం ఒక్కటే.

అతను స్ట్రెచర్‌ను కిందికి దించాడు. తిరగని చక్రం నేలను తాకి కీచుమన్నది.

"ఏమైంది బావా? పట్టు" అన్నాడు దుర్గేష్.

"ఎనకకు తిప్పు."

"ఏంది?"

"లోపటికి తీస్కపోదాం. ఈ మేడమే కోస్తది."

దుర్గేష్ అతని చేయి పట్టి పక్కకు లాగాడు. గొంతు తగ్గించి, పిచ్చి పట్టిందా అన్నాడు. తప్పు జేసిందని ఫోన్ చేసింది నువ్వే గదా అన్నాడు. ఉప్పలమ్మ బిడ్డను ఎత్తుకుని ర్యాంపు పైన నిలబడి, అల్లుడు ఏమంటున్నాడో వినడానికి మెడ చాచింది.

"అన్న. నేనే అన్న" అన్నాడు బాలరాజు. "దార్ల టైర్ల నడుమ బండి ఆగితే ఎవడు కడ్తడురా ఆ నాళం? నువ్వు కడ్తవా, నేను కడ్తనా? ఈమెకు తను ఏం జూడలేదో ఎరుకైంది. కొత్తోడికి అది గూడ ఎరుక లేదు. జర ఇడువు నా చెయ్యి."

భూషణం ర్యాంపు మీదికి వచ్చేసరికి స్ట్రెచర్ వెనక్కి తిరిగి ఉన్నది. ఇది వాళ్ల బాధ్యత మీద జరిగే పని అని, ఆసుపత్రికి సంబంధం లేదని, నలుగురి ముందు చెప్పించుకున్నాడు. బాలరాజు చెప్పాడు. ఏమి చెప్పమంటే అది చెప్పాడు.

*

నాలుగు సీసాల రక్తం కావాలన్నారు. హబ్సిగూడ బ్లడ్ బ్యాంకులో నిల్వ తక్కువగా ఉన్నదని, సీసాకొక మనిషి వచ్చి రక్తమిస్తేనే వాళ్లూ ఇస్తారని, ఏ గ్రూపైనా ఫరవాలేదని నర్సు వచ్చి చెప్పింది. చెప్పి, మెట్ల మీద కూర్చున్న మందిని చూసి, ఇంతమంది ఉన్నారు గదా అని నిశ్చింతగా వెళ్లిపోయింది.

ముందుగా ఈల వేసినవాడికి ఫోన్ వచ్చింది. మాట్లాడుతూ గేటు దాటాడు. ఒకతను తాను రాత్రి మందు తాగానని, ఆ రక్తం పనికిరాదని చెప్పాడు. ఇంకొకతను శనివారం ఒక్కపొద్దుంటానన్నాడు, ఆ రోజు శనివారం కాకపోయినా. రక్తమిస్తే నడుము పడిపోతుందని, ఆటో హ్యాండిల్ పట్టలేకపోయినవాణ్ణి చూశానని ఒక పెద్దమనిషి అనుభవం మీద చెప్పాడు. కొట్లాటకు వచ్చినవాళ్లు భయస్తులేం కారు. అద్దం పగలగొట్టి చేతికి గాజుపెంకు గుచ్చుకుంటే నవ్వేవాళ్లే. ఊరికే పడుకుని చెయ్యి చాపి, ఒంట్లోంచి రక్తం పోవడం చూస్తూ ఉండాలంటేనే వాళ్లకు గుబులు. అలా మెట్లు ఖాళీ అయ్యాయి. బాలరాజు, దుర్గేష్, ఇద్దరు ఆటోవాళ్లు మిగిలారు.

దుర్గేష్ ముఖం కూడా పాలిపోయి ఉన్నది. తనకు చిన్నప్పటి నుంచీ సూదంటే పడదని బ్లడ్ బ్యాంకుకు పోయే దారిలో, బైక్ వెనక కూర్చున్న బావతో చెప్పాడు. ఎవరికీ చెప్పొద్దన్నాడు. రక్తం తీస్తున్నంతసేపూ ఫ్యాను వైపు చూస్తూ పడుకుని, లేవగానే కళ్లు తిరిగి కూలబడ్డాడు. అక్కడి అమ్మాయి ముఖాన నీళ్లు చల్లి, బిస్కెట్లు చేతిలో పెట్టి, పెద్ద మీసాలవాళ్లతోనే ఎప్పుడూ ఈ గోల అన్నది. దుర్గేష్ మారు పలకకుండా బిస్కెట్లు తిన్నాడు.

వాళ్లు వచ్చేసరికి త్రిమూర్తులు అప్పటికే లోపల ఉన్నాడు. కాలిన టైర్ల మధ్య నుంచి స్కూటర్ తోసుకుంటూ వచ్చాడని వాచ్‌మన్ చెప్పాడు. రక్తపు సీసాలు చేతులు మారాయి. తలుపు మూసుకున్నది.

ఆ తర్వాత చేయడానికి ఏమీ లేదు. వాల్వు తిప్పితే నీళ్లొస్తాయా రావా అన్నది కాసేపట్లో తేలిపోతుంది. ఇక్కడ కాసేపు అన్నదే లేదు. బాలరాజు తలుపు కింది సందును చూస్తూ కూర్చున్నాడు. ఉప్పలమ్మ లేచి వచ్చి, కత్తిరించిన తాడు ముక్కను అతని ముందు పట్టుకుని, మళ్లీ కట్టిస్తే బాగుండునేమోనన్నది. దాన్ని నర్సు చెత్తలో వేయకుండా దాచి ఇచ్చిందట. చేతికి సెలైన్ సూది పెట్టాలి గనక కోయాల్సి వచ్చింది, మంచం కమ్మీకి కట్టుకోండమ్మా అని డాక్టరమ్మే చెప్పిందట. బాలరాజుకు తాళ్ల మీద నమ్మకం లేదు. ఆ మాట ఇప్పుడు అత్తతో అనే ధైర్యమూ లేదు. సరేనన్నాడు. బిడ్డ ఏడిస్తే ఎత్తుకున్నాడు. పాల కోసం అది అతని చొక్కా గుండీని వెతుక్కున్నది.

పొద్దు వాలుతుండగా తలుపు తెరుచుకున్నది. త్రిమూర్తులు ముందు వచ్చాడు. తెల్లబడ్డ కనుబొమల పెద్దమనిషి. గోడకు ఆనుకుని, చేతి తొడుగులు ఒక్కొక్క వేలే ఊడదీస్తూ నిలబడ్డాడు.

"దొరికిందయ్యా" అన్నాడు. "ఎడమ పక్క. కాలికెళ్లేదాన్నించి అగ్గిపుల్లంత లావున ఒకటి, ముందెముక ఎక్కి లోపలికి దిగింది. కుడి పక్క కూడా వెతికాం. అక్కడ లేదు. ఒకే మనిషిలో రెండు పక్కలా ఒకలా లేదు, చూశావా? పూర్వం వాళ్లు దానికి మృత్యుకిరీటం అని పేరు పెట్టారు. అలా పేర్లు పెట్టి భయపడే బదులు ముందే వెతికి చూసుంటే ఎందరో బతికుందురు." కాస్త ఆగి, "మా సత్యవేణి చెయ్యి మంచిది. నేను పట్టుకున్నానంతే, కట్టింది తనే" అన్నాడు.

ఆగిందా అని బాలరాజు అడిగాడు. ఆగిందని, రేపు తెల్లవారితే ధైర్యంగా చెప్పగలమని ఆయన అన్నాడు. దుర్గేష్ గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. అతని భుజాలు కదలడం చూసి, సూది పడని మనిషికి ఇదింకా ఎక్కువేమో అనుకున్నాడు బాలరాజు. తనకు ఏడుపు రాలేదు. నేల మీద కూర్చుండిపోయాడు.

*

సంతోషి కళ్లు తెరిచింది. మాట్లాడింది. బిడ్డను పక్కలో వేయించుకున్నది. గర్భసంచి సంగతి మాత్రం ఆమెకు చెప్పొద్దని బాలరాజు అత్తకు, బామ్మర్దికి కట్టడి చేశాడు. ఒళ్లు గట్టిపడ్డాక, ఇంటికి పోయాక, తానే ఎప్పుడో చెబుతానన్నాడు. ఆమె కడుపు మీది కట్టు తడుముకుంటూ ఇంత పెద్ద కోత ఎందుకని అడిగితే, రక్తం ఆగకపోతే ఇంకోసారి కోసి నాళం కట్టారని, అంతవరకే చెప్పాడు. అది అబద్ధం కాదు. సగం దగ్గర ఆగిన నిజం. ఆమె ఇంకేమీ అడగలేదు. అడగకపోవడం అతనికి మేలే అనిపించింది.

సత్యవేణి రోజూ వచ్చి చూసేది. గొట్టం తీసిన రోజు ఆమె తెల్లకోటు లేకుండా, భుజానికి సంచితో వచ్చింది. కుట్లు చూసింది. సంతోషి పక్కన కూర్చుని, బాలరాజును బిడ్డకు నీళ్లు కాచి తెమ్మని పంపి, చాలాసేపు ఏదో మాట్లాడింది. అతను తిరిగి వచ్చేసరికి లేచి వరండాలోకి వచ్చింది.

"ఈమెకు ఇక ముందు కడుపులో గాని, తుంటిలో గాని ఏ ఆపరేషన్ చేయాల్సి వచ్చినా, చేసే డాక్టరుకు ఈ సంగతి చెప్పాలి. కాగితంలో రాశాను. కాగితాలు పోతాయి, ఉన్నా చదవరు. మీరు నోటితో చెప్పండి. ఒకసారి చెప్పండి చూద్దాం."

బాలరాజు చెప్పాడు. ఎడమ అన్న మాట మరిచిపోయాడు. మళ్లీ చెప్పించింది. ఈసారి బాగా చెప్పాడు. రేపు ఎన్నింటికొస్తారు మేడం అని అడిగాడు.

"రేపటి నుంచి రానండీ. వద్దన్నారు."

బాలరాజు నేరుగా కౌంటర్ దగ్గరికి వెళ్లాడు. ఆ మేడం లేకపోతే తన భార్య బతికేది కాదని, ఆమెను ఎట్లా తీసేస్తారని భూషణాన్ని అడిగాడు. భూషణం కుర్చీ చూపించాడు. అతను కూర్చోలేదు.

"మేమేడ తీసేసినం అన్నా? మీరే గదా అన్నది, డాక్టరమ్మ తప్పు జేసిందని? ఈడ నిలబడే అన్నరు. నేనిన్న, స్టాఫ్ అందరు ఇన్నరు. ఓనర్ అడిగితే ఉన్నమాట చెప్పినం. ఆమె గూడ వెతకలేదని ఒప్పుకునె."

"నాకు గప్పుడు తెల్వక అన్న. తప్పు నాదే. ఇప్పుడు నేనే అంటున్న, ఆమె తప్పేం లేదు."

"ఇప్పుడేమన్నా ఏం ఫాయిదా లేదన్నా" అన్నాడు భూషణం జాలిగా. ఆ జాలి నిజమైనదే కావచ్చు. "మీ పేషెంట్ మంచిగున్నది గద. అది జూస్కోన్రి."

బాలరాజు వరండాలోకి పరుగులాంటి నడకతో వచ్చాడు. సత్యవేణి అప్పటికే గేటు బయట, మల్లాపూర్ వైపు పోయే షేర్ ఆటో కోసం చెయ్యెత్తి నిలబడి ఉన్నది. ఏమని చెప్పాలో కూడబలుక్కునేలోగా ఆటో వచ్చి ఆగింది. డ్రైవర్ పక్కన ఒరిగి కూర్చుని, సంచి ఒళ్లో పెట్టుకుని వెళ్లిపోయింది. ఎండలో నిలబడి, ఆటో వెళ్లిన వైపు కాసేపు చూశాడు. తర్వాత వార్డులోకి వచ్చాడు.

మరునాడు కొత్త డాక్టరు వచ్చింది. దీప అని పేరు చెప్పింది. చిన్న వయసు. ముందు రోజు నిద్రలేదేమో, కళ్ల కింద నలుపు ఉన్నది. చేతిలో అయిదారు మంచాల కాగితాలున్నాయి. సంతోషి దుప్పటి పక్కకు తీసి, కట్టు మీద చెయ్యి వేయబోయింది.

"ఒక్క నిమిషం ఆగున్రి మేడం" అన్నాడు బాలరాజు. మంచం కాళ్ల దగ్గర, బడిలో పాఠం ఒప్పజెప్పేవాడిలా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "ఈమెకు ఎడమ దిక్కు, కాలుకు పోయే పెద్ద నాళం నుంచి ఒక కొమ్మ ముందటి ఎముక మీదికెంచి లోపటికి దిగింది. అందరికి ఉన్నట్టు లేదు. అడుగుకు పోయేటివి రెండు దిక్కుల కట్టినా రక్తం ఆగలె. ఆ కొమ్మను గూడ కట్టిన్రు. కుడి దిక్కు అది లేదు."

దీప కట్టు మీది చెయ్యి తీసింది. కాగితాలు తిరగేసి, తల ఊపి, కలం మూత తీసి ఒక వరుస రాసింది. "ఇంకా ఏం చేశారు?" అని అడిగింది.

బాలరాజు సెలైన్ స్టాండు వైపు చూశాడు. కాగితంలో అంతా ఉన్నది, చదువుకుంటే బాగుండునని మనసులో బతిమాలుకున్నాడు. దీప కలం పట్టుకుని ఎదురుచూస్తున్నది.

"గర్భసంచి తీసేసిన్రు మేడం" అన్నది సంతోషి.

ఆమె గోడ వైపు తిరిగి పడుకున్న బిడ్డ వీపు మీద చెయ్యి వేసి ఉన్నది. చెయ్యి తీయకుండా, తల మాత్రం భర్త వైపు తిప్పింది. కళ్లు తడిగా లేవు. ఏడ్చి చాలాసేపైన కళ్లు.

"నిన్న ఆ మేడం చెప్పింది. నాకు ఎరుకనే" అన్నది. "నువ్వు నడుమల ఆపకు. మళ్ల ఎవ్వరడిగినా గది గూడ చెప్పు."

దీప ఇద్దరినీ చూసి, రాసినదాన్ని కొట్టేసింది. మొదటి నుంచి నెమ్మదిగా చెప్పమన్నది. బాలరాజు ఎడమ దిక్కు నుంచి మొదలుపెట్టాడు.